అపార్ట్‌మెంట్‌లో టీటీ లీగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఒకే ఒక్క టీటీ (టేబుల్ టెన్నిస్) బల్ల ఉంది. దాని మీదే ఏటా లీగ్ నడుపుతున్నాం. ఇంజినీరింగ్ పిల్లలు, ఐటీ ఉద్యోగులు, రిటైరైన అంకుళ్ళు, ఇద్దరు ముగ్గురు ఆంటీలు ఆడతారు. మా సంగతి తెలిసి పక్క అపార్ట్‌మెంట్ల వాళ్ళు, ఆఫీసుల వాళ్ళు అడిగే ప్రశ్నలివి. ముందే ఒక మాట. కప్పు ఎవరు కొడతారా అని లీగ్ నడిపేవాళ్ళు బెంగ పెట్టుకోనక్కర్లేదు, ఎవరో ఒకరు కొడతారు. పట్టికలో అడుగున ఉన్న నలుగురు వచ్చే వారం కూడా బ్యాట్ పట్టుకుని వస్తారా రారా అన్నదే అసలు బెంగ. వాళ్ళు మానేసిన రోజున పైవాళ్ళకి ఆడటానికి మనిషి దొరకడు.

ఎంతమంది ఉంటే మొదలుపెట్టొచ్చు?

ఆరుగురు చాలు. ఎనిమిది మంది అయితే చక్కగా కుదురుతుంది. అందరూ అందరితో ఒక్కోసారి ఆడాలంటే ఆరుగురికి 15 మ్యాచ్‌లు, ఎనిమిది మందికి 28, పది మందికి 45, పన్నెండు మందికి 66. మనుషులు కొద్దిగా పెరిగితే మ్యాచ్‌లు బోలెడు పెరుగుతాయి. మొదటి వాట్సాప్ పోల్‌లో "నేను రెడీ" అని ఇరవై మంది నొక్కగానే పొంగిపోకూడదన్నది అందుకే.

ఐదు గేముల మ్యాచ్, అంటే ముందు మూడు గెలిచిన వాళ్ళది, వార్మప్‌తో కలిపి సుమారు 25 నిమిషాలు పడుతుంది. రెండు గంటల సాయంత్రంలో ఒక బల్ల మీద నాలుగు మ్యాచ్‌లు తెములుతాయి. ఎనిమిది మందికి వారానికో సాయంత్రం చొప్పున ఏడు వారాల్లో సీజన్ ముగుస్తుంది. పన్నెండు మంది ఉంటే ఒకే లీగ్ పెట్టకండి. పదిహేడు వారాలు ఎవరికీ ఓపిక ఉండదు. ఆరుగురేసి రెండు డివిజన్లు చేయండి. మొత్తం 30 మ్యాచ్‌లే. సీజన్ చివర పై డివిజన్‌లో ఆఖరివాళ్ళు కిందికి, కింది డివిజన్‌లో మొదటివాళ్ళు పైకి. కింది డివిజన్‌కి "బి గ్రూపు" అని పేరు పెట్టకండి, ఏదైనా సరదా పేరు పెట్టండి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు.

సీజన్ ఎప్పుడు పెడితే మంచిది?

ఆషాఢంలో. నవ్వొచ్చినా ఇదే మా అనుభవం. ముహూర్తాలు ఉండవు, పెళ్ళిళ్ళు ఉండవు, శనాదివారాలు జనం ఊళ్ళోనే ఉంటారు. పిల్లలకి కాలేజీలు అప్పుడే తెరుస్తారు, పరీక్షల గొడవ లేదు. బయట వాన పడుతుంటే క్రికెట్‌కి పోయేవాళ్ళు కూడా క్లబ్‌హౌస్‌లోనే చేరతారు. శ్రావణం వచ్చిందంటే పెళ్ళిళ్ళు, వ్రతాలు మొదలు. వినాయక చవితికి హాలంతా మండపం కమిటీ వాళ్ళది. బల్ల మడిచి మూలకి తోసేస్తారు, నిమజ్జనం అయ్యేదాకా దాని జోలికి పోలేం. చవితిలోపు ఫైనల్ అయిపోయేలా వెనక్కి లెక్కేసుకోండి.

రెండో సీజన్ కావాలంటే దసరా తర్వాత మొదలుపెట్టి, దీపావళి వారం వదిలేసి, క్రిస్మస్‌లోపు ముగించొచ్చు. సంక్రాంతికి ముందూ వెనకా రెండు వారాలు సగం అపార్ట్‌మెంట్ ఖాళీ. ఫిబ్రవరి, మార్చి ఇంటర్, పదో తరగతి పరీక్షలు. పిల్లలతో పాటు వాళ్ళ అమ్మానాన్నలూ రారు. ఆ తర్వాత ఐపీఎల్.

రోజు విషయానికొస్తే, ఐటీ వాళ్ళకి రాత్రి ఎనిమిదిన్నర తర్వాత అమెరికా కాల్స్ ఉంటాయి. వారం మధ్యలో పెడితే సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకానే. మేమైతే ఆదివారం పొద్దున ఏడింటికి పెట్టాం. అంకుళ్ళు ఆరున్నరకే వచ్చి కూర్చుంటారు, కుర్రాళ్ళు ఏడుంబావుకి కళ్ళు నులుముకుంటూ దిగుతారు.

ఫిక్చర్, అంటే ఏ వారం ఎవరు ఎవరితో ఆడాలన్న పట్టిక, ఎలా వేయాలి? యాప్ ఏదైనా ఉందా?

కాగితం చాలు. ఎనిమిది మందికి 1 నుంచి 8 అంకెలు ఇవ్వండి. పై వరుసలో 1, 2, 3, 4 రాయండి. వాటి కింద 8, 7, 6, 5 రాయండి. పైనా కిందా ఉన్నవాళ్ళు మొదటి వారం ప్రత్యర్థులు: 1–8, 2–7, 3–6, 4–5. రెండో వారానికి 1ని కదపకుండా, మిగతా అందరినీ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో గడి జరపండి. 1–7, 8–6, 2–5, 3–4 వస్తాయి. ఇలా ఆరుసార్లు జరిపితే ఏడు వారాల్లో అందరూ అందరితో ఆడేస్తారు. ఏడుగురే ఉంటే 8 స్థానంలో "ఖాళీ" అని రాసుకోండి. దానికి ఎదురుపడ్డవాళ్ళు ఆ వారం అంపైర్.

ఫిక్చర్ మొత్తం మొదటి రోజే తేదీలతో సహా నోటీసు బోర్డు మీద అంటించాలి. వారం వారం వేస్తే "నాకు కావాలనే గట్టివాణ్ణి పెట్టారు" అనే మాట పుడుతుంది.

గెలిస్తే ఎన్ని పాయింట్లు?

గెలిస్తే 2, ఆడి ఓడితే 1, రాకపోతే 0. ఇది మేం కనిపెట్టింది కాదు, అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య గ్రూపు మ్యాచ్‌లకి పెట్టిన పద్ధతే. మామూలు లీగుల్లో ఓడినా రాకపోయినా సున్నానే కాబట్టి, ఎలాగూ ఓడతామనుకున్నవాళ్ళు దుప్పటి తన్ని పడుకుంటారు. ఈ పద్ధతిలో వచ్చి ఓడినవాళ్ళకి ఒక పాయింటు వస్తుంది. ఏడు మ్యాచ్‌లూ ఆడి ఏడూ ఓడినవాళ్ళకి 7 పాయింట్లు. మూడు గెలిచి మిగతా నాలుగూ ఎగ్గొట్టినవాళ్ళకి 6. అడుగున ఉన్నవాళ్ళు ఆదివారం పొద్దున మెట్లు దిగి రావడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలీదు.

మ్యాచ్ వాయిదా అడిగితే?

సీజన్ మొత్తానికి ఒక్కొక్కరికి రెండు వాయిదాలు, కారణం అడగం. కారణం అడిగారంటే మీరు జడ్జీ అయిపోతారు, వాళ్ళు కథలు చెబుతారు. ముందురోజు రాత్రి పదిలోపు గ్రూపులో పెట్టాలి. వాయిదా పడ్డ మ్యాచ్ పది రోజుల్లో ఆడేయాలి. ఇద్దరికీ వీలయ్యే వేళ వాళ్ళే చూసుకుని, ఎవరైనా మూడో మనిషి ఎదుట ఆడి, స్కోరు కాగితం ఫొటో పెట్టాలి. పది రోజులు దాటితే వాయిదా అడిగినవాళ్ళకి 0, ఎదుటివాళ్ళకి 2.

లీగులు ఆగిపోయేది పోట్లాటల వల్ల కాదు, పేరుకుపోయిన వాయిదాల వల్ల. ఐదో వారానికి పదిహేను మ్యాచ్‌లు బాకీ ఉన్నాయంటే ఆ సీజన్‌కి నీళ్ళొదులుకోవడమే.

ఇద్దరికో ముగ్గురికో పాయింట్లు సమానమైతే?

ఇద్దరైతే వాళ్ళిద్దరి మధ్య మ్యాచ్ గెలిచినవాళ్ళు పైన. ముగ్గురైతేనే లొల్లి. పేర్లు పెడితే మావాళ్ళు గుర్తుపట్టేస్తారు కాబట్టి క, చ, ట అనుకుందాం. చ మీద క 3–1తో గెలిచాడు. ట మీద చ 3–0తో గెలిచాడు. క మీద ట 3–2తో గెలిచాడు. తమలో తమకి ముగ్గురికీ ఒక గెలుపు, ఒక ఓటమి. అప్పుడు ఆ మూడు మ్యాచ్‌ల్లో గెలిచిన గేములని ఓడిన గేములతో భాగించాలి. క: 5 గెలిచి 4 ఓడాడు, 1.25. చ: 4 గెలిచి 3 ఓడాడు, 1.33. ట: 3 గెలిచి 5 ఓడాడు, 0.6. వరుస చ, క, ట. వెంటనే క లేచి "'చ'ని నేను ఓడించా కదన్నా, వాడు నాకంటే పైనెలా ఉంటాడు?" అంటాడు. అందుకే ఈ లెక్క సీజన్ మొదట్లోనే, ఎవరికీ అవసరం లేనప్పుడే, చదివి వినిపించాలి.

గేముల నిష్పత్తి కూడా సమానమైతే, ఆ గేముల్లో వచ్చిన పాయింట్ల నిష్పత్తి చూడాలి. కాబట్టి స్కోరు కాగితం మీద 3–1 అని రాసి ఊరుకోకండి. 11–7, 9–11, 11–5, 12–10 అని గేము గేమూ రాయించండి.

సమానమైన వాళ్ళ మధ్య మ్యాచ్‌లే లెక్కలోకి వస్తాయన్నది ఇక్కడ కీలకం. సీజన్ మొత్తం గేముల తేడా చూస్తే ఏమవుతుందంటే, క్రికెట్‌లో నెట్ రన్‌రేట్ కోసం కొట్టినట్టు, బలహీనుల మీద 11–0, 11–1 చేయడానికి పోటీ పడతారు. కొత్తగా చేరిన ఆంటీ మీద 11–0 కొట్టి పట్టికలో పైకి ఎగబాకే అవకాశం అసలు ఉండకూడదు.

మాలో ఒకరిద్దరు యూనివర్సిటీ స్థాయిలో ఆడినవాళ్ళు. మిగతావాళ్ళం ఉత్త సరదా బ్యాచ్. ఎలా కలిపి ఆడించాలి?

హ్యాండిక్యాప్ పెట్టండి. అంటే బలహీనులకి ముందే కొన్ని పాయింట్లు ఇచ్చి మొదలుపెట్టడం. 11 పాయింట్ల గేములో మూడు పాయింట్లు ఇస్తే చాలా ఇచ్చినట్టు, ఐదు ఇస్తే ఆట చేతులు మారిపోతుంది. సన్నగా సర్దడానికి వీలుండదు. అందుకని హ్యాండిక్యాప్ మ్యాచ్‌లు మేం పాత పద్ధతిలో 21 పాయింట్లకి ఆడిస్తాం, ఐదు సర్వీసులకోసారి మార్పు. 2001లో ప్రపంచమంతా 11కి, రెండేసి సర్వీసులకి మారింది కానీ, అంతకుముందు కాలేజీల్లో ఆడిన అంకుళ్ళకి 21 అంటేనే ఆట. "పదకొండుకి చెయ్యి వేడెక్కదు బాబూ" అంటారు. ఆ ఒక్క రోజు వాళ్ళ మొహాలు చూడాలి.

ఎన్ని పాయింట్లు ఇవ్వాలన్నది మొదట అందాజాగా పెట్టండి. 21కి ఆడేటప్పుడు స్థాయిలో బాగా తేడా ఉంటే 8, కొంచెమే ఉంటే 3. ఎవరైనా చిత్తుగా గెలిస్తే తర్వాతి మ్యాచ్‌కి వాళ్ళు ఇచ్చేది ఒకటి పెంచండి, ఓడితే ఒకటి తగ్గించండి. నాలుగైదు మ్యాచ్‌ల్లో అదే సర్దుకుంటుంది. ప్రధాన లీగ్ మాత్రం హ్యాండిక్యాప్ లేకుండానే నడపండి. గట్టి ఆటగాళ్ళకీ గౌరవం దక్కాలి. నెలకో ఆదివారం హ్యాండిక్యాప్ కప్పు పెడితే ఇద్దరికీ న్యాయం.

చదరంగంలోలా ఈలో రేటింగ్ పెట్టాలా?

గెలుపోటములని బట్టి ఒక్కొక్కరి స్థాయికి ఒక అంకె ఇచ్చే పద్ధతి అది. ఎక్సెల్ పిచ్చి ఉన్నవాళ్ళు మీలో ఉంటే పెట్టుకోండి, సరదాగానే ఉంటుంది. అందులో 100 పాయింట్ల తేడా ఉంటే పైవాళ్ళు గెలిచే అవకాశం 64 శాతం, 200 ఉంటే 76 శాతం. కానీ పది మంది మాత్రమే తమలో తాము ఆడుకునేచోట ఎవరు ఎంతటివాళ్ళో అందరికీ తెలిసిందే.

సర్వీస్ విషయంలో రోజూ గొడవే. అసలు రూలేంటి?

బంతి చాచిన అరచేతిలో, వేళ్ళు మూయకుండా, ఒక క్షణం నిలకడగా ఉండాలి. అక్కడి నుంచి తిప్పకుండా, దాదాపు నిట్టనిలువుగా కనీసం 16 సెంటీమీటర్లు ఎగరేయాలి. నెట్ ఎత్తు 15.25 సెంటీమీటర్లు, కాబట్టి "చేతి నుంచి నెట్ అంత ఎత్తు, ఇంకాస్త" అని చెబితే అందరికీ అర్థమవుతుంది. బంతి కిందికి దిగేటప్పుడే కొట్టాలి. సర్వీస్ మొదలైనప్పటి నుంచి కొట్టేదాకా బంతి బల్ల ఎత్తు కంటే పైన, బల్ల చివరి గీతకి వెనకే ఉండాలి. ఒంటితోగానీ చేత్తోగానీ ఎదుటివాళ్ళకి బంతి కనపడకుండా దాచకూడదు.

మన క్లబ్‌హౌస్ సర్వీస్ ఎలా ఉంటుందో తెలుసు కదా. బంతిని రెండు వేళ్ళతో పట్టుకుని, ఎగరేయకుండానే, బ్యాట్ మీద రుద్దినట్టుగా వదలడం. కొందరు ఇరవై ఏళ్ళుగా అలాగే చేస్తున్నారు, బంతి పాములా మెలికలు తిరుగుతుంది. వాళ్ళని ఒక్కరోజులో మార్చలేం. మా పద్ధతి ఇది: మొదటి సీజన్‌లో చాచిన అరచేయి, ఎగరేయడం, ఈ రెండే పట్టుకుంటాం. దాచడం గురించి మాట్లాడం. రెండో సీజన్ నుంచి మొత్తం రూలు. అంపైర్‌కి అనుమానం వస్తే మొదటిసారి లెట్ (పాయింటు లెక్కపెట్టకుండా మళ్ళీ ఆడించడం) ఇచ్చి హెచ్చరిక, ఆ మ్యాచ్‌లో మళ్ళీ అనుమానం వస్తే పాయింటు ఎదుటివాళ్ళకి. స్పష్టంగా తప్పైతే హెచ్చరిక లేకుండానే పాయింటు పోతుంది. ఇది అసలు రూలు కూడా.

ఎడ్జ్, నెట్, చెయ్యి తగలడం... వీటి సంగతి?

వరసగా చెప్పేస్తాను. సర్వీస్‌లో బంతి నెట్‌కి తగిలి సరిగ్గా అవతల పడితే లెట్, ఎన్నిసార్లైనా. ర్యాలీలో నెట్ తగిలి అవతల పడితే ఆట సాగుతుంది. బల్ల పై అంచుకి తగిలితే బంతి చెల్లుతుంది, కింది పక్క భాగానికి తగిలితే చెల్లదు. తేడా బంతి పోయిన దారిని బట్టి తెలుస్తుంది: పై అంచుకి తగిలిన బంతి ఎంతో కొంత పైకో పక్కకో లేస్తుంది, పక్కకి తగిలినది కిందికే జారుతుంది. బంతి తగిలిన వైపు ఉన్నవాళ్ళ మాటే వినండి. ఇద్దరూ గట్టిగా పట్టుబడితే ఆ పాయింటు మళ్ళీ ఆడించండి. నెట్టో ఎడ్జో కలిసొచ్చి పాయింటు దక్కితే చెయ్యెత్తి సారీ చెప్పడం మర్యాద. మనసులో ఎగిరి గంతేసినా సరే.

బ్యాట్ లేని చెయ్యి బల్ల పైభాగానికి ఆనితే పాయింటు పోయినట్టే. బల్ల కదిలినా అంతే. బ్యాట్ పట్టిన చేతికి మణికట్టు నుంచి వేళ్ళ దాకా ఎక్కడ తగిలి బంతి వెళ్ళినా అది చెల్లుతుంది. ఎవరూ నమ్మరు కానీ రూలు అదే. బంతి నెట్ మీదుగా కాకుండా స్తంభం పక్క నుంచి తిరిగి వచ్చి బల్ల మీద పడినా చెల్లుతుంది. ఎదుటివాళ్ళు కొట్టిన బంతి బల్లకి తగలకుండా చివరి గీత దాటి వెనక్కి వచ్చేశాక దాన్ని పట్టుకున్నా, ఒంటికి తగిలినా పాయింటు మీదే. బల్ల మీద ఉండగానే పట్టుకుంటే మాత్రం వాళ్ళది.

అంపైర్ ఎవరు ఉండాలి?

తర్వాతి మ్యాచ్ ఆడబోయేవాళ్ళలో ఒకరు. ముందు మ్యాచ్‌లో ఓడినవాళ్ళని కూర్చోబెట్టకండి, మనసు అక్కడ ఉండదు. తండ్రి మ్యాచ్‌కి కొడుకుని కూడా వద్దు. కొడుకులు తండ్రుల పట్ల మరీ కఠినంగా ఉంటారు.

ఒకాయన బ్యాట్‌తో బంతి విచిత్రంగా వస్తోంది. నిషేధించొచ్చా?

లాంగ్ పింపుల్స్ రబ్బరు అయి ఉంటుంది. బయటికి పొడవైన బొడిపెలు ఉంటాయి. మీరు కొట్టిన టాప్‌స్పిన్ (ముందుకి తిరుగుతూ పోయే బంతి) ఆ రబ్బరు మీద పడి కట్ (వెనక్కి తిరిగే బంతి) అయి తిరిగొస్తుంది, మీరు నెట్‌లోకి కొడతారు. మాలో రిటైరైన ఒక బ్యాంకు అంకుల్ ఉన్నారు. బల్ల దగ్గర నుంచి అడుగు వెనక్కి వేయరు, చెమట పట్టదు. ఎదుట కుర్రాడు ఊగిపోతూ స్మాష్ కొడతాడు, ఈయన బ్యాట్ ఊరికే అడ్డం పెడతారు, బంతి ఊగుతూ నెమ్మదిగా వెళ్ళి ఆ కుర్రాడి చేతిలో చచ్చిపోతుంది. "మళ్ళీ గట్టిగా కొట్టు నాన్నా, నాకు పని తగ్గుతుంది" అంటారు.

అనుమతించిన రబ్బరైతే నిషేధించే హక్కు ఎవరికీ లేదు. మ్యాచ్‌కి ముందు ఎదుటివాళ్ళ బ్యాట్ చేతిలోకి తీసుకుని చూసే హక్కు మాత్రం ప్రతి ఒక్కరికీ ఉంది. అది తప్పకుండా పాటించండి. ఒక వైపు నలుపు, రెండో వైపు దానికి భిన్నంగా కొట్టొచ్చినట్టు కనపడే రంగు ఉండాలన్న రూలు కూడా ఇందుకే. ఏ వైపుతో కొట్టారో ఎదుటివాళ్ళకి తెలియాలి. ఇదివరకు ఎరుపే ఉండేది, 2021 నుంచి గులాబీ, ఊదా, ఆకుపచ్చ, నీలం కూడా వచ్చాయి. రెండు వైపులా ఒకే రంగున్న సూపర్‌మార్కెట్ బ్యాట్ మీద పింపుల్స్ అతికించుకుని వస్తే అప్పుడు ఒప్పుకోకండి.

బ్యాట్ల మీద పేచీ ఈనాటిది కాదు. 1952లో ప్రపంచ పోటీలు బొంబాయిలో జరిగినప్పుడు జపాన్ నుంచి హిరోజీ సాటో మందపాటి స్పాంజి బ్యాట్‌తో వచ్చాడు. కొట్టినా చప్పుడు రాదు, బంతి ఎంత వేగంతో వస్తుందో అంతు చిక్కదు. సింగిల్స్ టైటిల్ ఎగరేసుకుపోయాడు. తర్వాత స్పాంజితో కలిపి రబ్బరు మందం 4 మిల్లీమీటర్లు దాటకూడదని హద్దు పెట్టారు.

ఇద్దరు చాపర్లు (కోసినట్టుగా కొడుతూ బంతిని తిరిగి పంపడమే పనిగా ఆడేవాళ్ళు) ఆడితే మ్యాచ్ ఎప్పటికీ తెమలడం లేదు.

ఒక గేము పది నిమిషాలు దాటి, ఇద్దరి స్కోరూ కలిపి 18కి చేరకపోతే ఎక్స్‌పెడైట్ పెట్టండి. అక్కడి నుంచి సర్వీస్ ఒక్కొక్కటిగా మారుతుంది, సర్వీస్ అందుకునేవాళ్ళు 13 సార్లు బంతిని తిరిగి పంపగలిగితే పాయింటు వాళ్ళదే. పక్కన ఒకరు బిగ్గరగా లెక్కపెట్టాలి. ఇలాంటి రూలు ఎందుకొచ్చిందో అడిగితే 1936 ప్రాగ్ ప్రపంచ పోటీల ముచ్చట చెప్పండి. ఎర్లిక్, పానెత్ అనే ఇద్దరు ఒకే ఒక్క పాయింటు రెండు గంటలకి పైగా ఆడారు.

హాల్లో ఫ్యాన్ వేయాలా వద్దా?

ఇది మా సర్వసభ్య సమావేశంలో కూడా చర్చకొచ్చింది. బంతి బరువు 2.7 గ్రాములు. సరిగ్గా బల్ల నెత్తిన తిరిగే ఫ్యాన్ దాన్ని ఎటైనా తోస్తుంది, ముఖ్యంగా పైకి లేచిన బంతిని. ఆ ఫ్యాన్ ఆపండి. కూర్చునేవాళ్ళ వైపు ఉన్నవి రెండో నంబరులో తిరగనివ్వండి. గోడ ఫ్యాన్లు బల్ల వైపు తిప్పకండి. వేసవిలో ఇది శిక్షే, కాబట్టి మే నెలలో లీగ్ పెట్టొద్దనడానికి ఇంకో కారణం.

వెలుతురు బల్లకి రెండు వైపులా సమానంగా పడాలి. గోడలు తెల్లవైతే తెల్ల బంతి కనపడదు. నారింజ రంగు బంతి తెప్పించండి, లేదంటే ముదురు రంగు దుప్పటి ఒకటి వెనక వేలాడదీయండి. బల్ల తొమ్మిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. వెనక ఒక్కో వైపు ఏడెనిమిది అడుగులైనా ఖాళీ లేకపోతే టాప్‌స్పిన్ కొట్టేవాళ్ళ మోచేతులు గోడకి తగులుతాయి. వానాకాలంలో గ్రానైట్ నేల చెమ్మ పట్టి జారుతుంది. చెప్పులతో ఆడనివ్వకండి, ఉత్త కాళ్ళతో అంతకన్నా వద్దు. ఓ పాత టవల్ మూలన పెట్టి, బూట్ల అడుగు తుడుచుకోమనండి.

బంతులు, బ్యాట్లు, బల్ల గురించి?

మ్యాచ్‌లకి త్రీ స్టార్ (మేలురకం) బంతులు, ప్రాక్టీసుకి వన్ స్టార్. 2014 తర్వాత సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది, సైజు 40 మిల్లీమీటర్లే. కొత్త బంతిని బల్ల మీద బొంగరంలా తిప్పి చూడండి, ఊగుతూ తిరిగితే పక్కన పెట్టండి. పగుళ్ళు కంటికి కనపడకముందే చప్పుడులో తెలుస్తాయి, టక్ అనాల్సింది చిటపటమంటుంది.

కొత్తగా చేరేవాళ్ళని ఖరీదైన బ్యాట్ కొనకుండా ఆపడం లీగ్ నడిపేవాళ్ళ బాధ్యత. వేగంగా పోయే రబ్బరు కొత్తవాళ్ళ చేతిలో బంతిని అవతలి గోడకి చేరుస్తుంది. స్టాగ్ లాంటి కంపెనీల మామూలు రెడీమేడ్ బ్యాట్‌తో ఒక సీజన్ ఆడనివ్వండి. ఆట అయ్యాక రబ్బరుని తడి స్పాంజితో తుడిచి, పలచటి ప్లాస్టిక్ కాగితం వేసి కేసులో పెట్టమనండి. దుమ్ము పట్టిన రబ్బరుకి స్పిన్ రాదు.

బల్ల మీద పుట్టినరోజు కేకులు కోయనివ్వకండి. మా బల్ల మీద ఇప్పటికీ ఒక మూల బంతి లేవదు. అక్కడ ఏం ఒలికిందో ఎవరూ చెప్పరు.

నలభై దాటాయి. ఇప్పుడు మొదలుపెడితే నవ్వుతారేమో?

రాజమండ్రిలో పుట్టి చెన్నైలో పెరిగిన ఆచంట శరత్ కమల్ 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో పురుషుల సింగిల్స్, మిక్స్‌డ్ డబుల్స్, టీమ్ మూడింట్లోనూ స్వర్ణాలు గెలిచేనాటికి నలభై నిండాయి. మిక్స్‌డ్‌లో ఆయన జోడీ మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ. ఇద్దరి మధ్యా పదహారేళ్ళ తేడా. వాళ్ళు మనలాంటి వాళ్ళు కారనుకోండి, అయినా ఈ ఆటలో వయసు తేడాలు కలిసిపోతాయనడానికి చెబుతున్నాను. మోకాళ్ళు సహకరించకపోతే బల్ల దగ్గరే నిలబడి బ్లాక్ చేయడం నేర్చుకోండి. పది నిమిషాలు భుజాలు, నడుము కదిలించి ఆడండి.

శ్రీజ పేరు చెప్పి ఆడపిల్లల్ని కూడా లీగ్‌లో చేర్చండి. విడిగా "లేడీస్ లీగ్" పెట్టేంత మంది ఏ అపార్ట్‌మెంట్‌లోనూ ఒకేసారి దొరకరు. మొదటి నుంచే కలిపి ఆడించడం మేలు.

జట్లుగా ఆడొచ్చా?

ఆడొచ్చు. బ్లాకుకో జట్టు పెడితే గోల బ్రహ్మాండంగా ఉంటుంది. ఇద్దరేసి ఆటగాళ్ళు, ఐదు మ్యాచ్‌ల పోటీ: ముందు రెండు సింగిల్స్, తర్వాత డబుల్స్, మళ్ళీ ప్రత్యర్థులని మార్చి రెండు సింగిల్స్. మూడు గెలిచినవాళ్ళది పోటీ. డబుల్స్‌లో సర్వీస్ కుడి సగం నుంచి ఎదుటివాళ్ళ కుడి సగంలోకే పడాలి, జోడీలో ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి. ఒక జట్టులో ఒక గట్టివాళ్ళు, ఒక కొత్తవాళ్ళు ఉండేలా చీటీలు వేయండి.

ఫీజు, బహుమతులు, పందేలు?

ఫీజు బంతులకీ, ఒక చిన్న కప్పుకీ, ఫైనల్ రోజు ఇడ్లీ వడకీ సరిపోతే చాలు. నగదు బహుమతి వద్దు. నగదు పెట్టగానే ఎడ్జ్ బంతి గురించి నిజం చెప్పేవాళ్ళు తగ్గిపోతారు. పందేలు అసలే వద్దు, అది పేకాట క్లబ్బు కాదు. చాలాచోట్ల "ఓడినవాళ్ళు చాయ్ తాగించాలి" అంటారు. మేం తిరగేశాం: గెలిచినవాళ్ళే తాగించాలి. లేకపోతే కిందివాళ్ళు వారం వారం ఓడీ, వారం వారం డబ్బులు కట్టీ, మూడో వారం నుంచి కనపడరు.

కప్పుతో పాటు "ఒక్క మ్యాచ్ కూడా ఎగ్గొట్టని వాళ్ళు" అని ఇంకో బహుమతి పెట్టండి. మా దగ్గర దానికి చప్పట్లు ఎక్కువ.

సీజన్ మధ్యలో ఎవరైనా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతే?

సగం కంటే తక్కువ మ్యాచ్‌లు ఆడి వెళ్ళిపోతే వాళ్ళ ఫలితాలన్నీ పట్టికలోంచి తీసేయండి. సగమో అంతకంటే ఎక్కువో ఆడి ఉంటే ఆడినవి ఉంచి, మిగతావి ఎదుటివాళ్ళకి వాకోవర్ (ఆడకుండానే గెలుపు) ఇవ్వండి. వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళని మధ్యలో దించకండి. ఎంత బతిమాలినా వచ్చే సీజన్‌కే. అంతదాకా ప్రాక్టీసుకి రమ్మనండి, ఖాళీ ఉన్నప్పుడు స్కోరు రాయమనండి. ఆ ఇంట్లోకి అద్దెకి దిగేవాళ్ళు టీటీ ఆడతారా అని వాచ్‌మన్‌ని అడిగి ఉంచడం మాత్రం మర్చిపోకండి.